ఆముదపు ఎండు తెగులు: దానిని నిర్ధారించు క్రొత్త పరీక్ష

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల చెలకలలో ఆముదము వేయు రైతులు ఈ సంగతిని గమనింపవలయును. పైరు ఏపుగా పెరిగి గెలలు వేయు సమయమున చేనిలో అక్కడక్కడ చెట్లు తల వాల్చును. ఆకులు పసుపువాఱి వడలి రాలును. ఒక్కొక్కప్పుడు చెట్టు ఒక ప్రక్క ఎండి, రెండవ ప్రక్క పచ్చగానే యుండును. రైతు దీనిని వానలేమి యనియో చెదలనియో తలచి యూరకుండును. పిదప మంచి వాన కురిసినను ఆ చెట్టు తేఱుకొనదు.

ఇది ఎండు తెగులు. ఫ్యూజేరియం అను శిలీంధ్రము నేలనుండి వేళ్ళలోనికి చొచ్చి, నీరు పైకి పోవు నాళములను మూసివేయును. కాండమును నిలువున చీల్చి చూచినచో లోపల గోధుమవన్నె చారలు కానవచ్చును. వేరు బెరడు పీలికలుగా ఊడి, దానిపై నల్లని నలుసులు కనబడినచో అది వేరుకుళ్ళు. ఇంతమట్టుకు రైతు చేనిలోనే తెలిసికొనవచ్చును.

చిక్కంతయు ఆ పైన గలదు. ఫ్యూజేరియం మంచి నేలలందును ఉండును. అందు పెక్కింటివలన పైరునకు హాని లేదు. ఆముదమును పట్టునది యొకటి, కుసుమను పట్టునది వేఱొకటి. సూక్ష్మదర్శినిలో వీనిని వేఱుపఱచుట సాధ్యము కాదు. శిలీంధ్రమును గాజుపళ్ళెములో పెంచి, ఆరోగ్యమైన మొక్కకు అంటించి, అది ఎండువఱకు కనిపెట్టి యుండవలయును. ఇందులకు వారములు పట్టును. విత్తు అదను అంతవఱకు ఆగదు.

ప్రతి ప్రాణి కణమునందును డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. వంశలక్షణములన్నియు అందు వ్రాయబడి యున్నవని చెప్పవచ్చును. అమెరికాలో కారీ మల్లిస్ అను శాస్త్రజ్ఞుడు 1983లో కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతిచే, తెగులు శిలీంధ్రమునకే చెందిన చిన్న భాగము నెన్నుకొని, మార్చి మార్చి వేడిచేసి చల్లార్చుచు రెట్టింపు చేయుదురు. ఒకటి రెండగును, రెండు నాలుగగును. 30 మారులు జరిగినచో నూరుకోట్లకు మించును. కావున గింజలో దాగిన కొలది తెగులును గూడ ఒకటి రెండు దినములలో పట్టవచ్చును. అయితే చచ్చిన శిలీంధ్రమును గూడ ఈ పరీక్ష చూపును. ఎన్నుకొన్న భాగము ఆ తెగులుకే ప్రత్యేకము కానిచో, హాని చేయనిదానిని గూడ దోషిగా చూపును. దీనిని మందని భ్రమపడరాదు.

తెగులు చేనిలోని గింజ ఎంత నిగనిగలాడినను విత్తనమునకు ఉంచరాదు. ఇరుగు పొరుగులకు ఇచ్చినచో తెగులును ఇచ్చినట్లే. ఈ శిలీంధ్రము నేలలో ఏండ్ల తరబడి నిలుచును గనుక ఆ చేనిలో ఆముదము మాని జొన్న గాని సజ్జ గాని వేయుట మేలు. రాజేంద్రనగరులోని నూనెగింజల పరిశోధనా సంస్థవారి జ్యోతి, పాలెం పరిశోధనా స్థానమువారి హరిత రకములు ఈ తెగులును చాలవఱకు తట్టుకొనును. కిలో విత్తునకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి పట్టించి విత్తవలయును.

పరీక్షకు పంపదలచినవారు పూర్తిగా ఎండిన చెట్టును తేరాదు. దానిపై ఇతర శిలీంధ్రములు చేరియుండును. అప్పుడే వాడుచున్న చెట్లను నాలుగైదింటిని వేళ్ళతో త్రవ్వి, మన్ను దులిపి, కాగితపు సంచిలో ఉంచి, చేని పేరు, విత్తిన రకము, తేదీ వ్రాసి, ఆ దినముననే మండల వ్యవసాయాధికారికి చేర్చవలయును. ప్లాస్టిక్ సంచిలో కట్టినచో దారిలోనే కుళ్ళును.