గోళ్లు పాలిపోయాయా? రక్త పరీక్ష చేయించుకోండి

మీ చేతి గోళ్లు ఒకసారి వెలుతురులో చూసుకోండి. గోరింటాకు, గోళ్ల రంగు ఉంటే తెలియదు, అవి లేనప్పుడు చూడాలి. గులాబీ రంగు తగ్గి తెల్లగా పాలిపోయాయా? మధ్యలో గుంటపడి, అంచులు పైకి లేచి చెంచాలా మారాయా? ఇవి రక్తహీనతకు గుర్తులు కావచ్చు. చిన్న తెల్ల మచ్చలుంటే మాత్రం కంగారు వద్దు, అవి ఎక్కువగా గోరుకు తగిలిన చిన్న దెబ్బల వల్లే వస్తాయి.

గోరు చెప్పేది అనుమానమే, తేల్చేది హిమోగ్లోబిన్ పరీక్ష. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇది ఉచితం. డెసిలీటరు రక్తంలో మహిళలకు 12 గ్రాములు, గర్భిణులకు 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. గర్భిణికి 7 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒంట్లో రక్తం తక్కువుంటే, కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా ప్రాణానికే ముప్పు.

ఎవరు ఇస్తారు? ఎన్ని రోజులు?

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కింద గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ, ఏఎన్‌ఎంను గానీ అడగండి.

టీ, పాలతో కలిపి వేసుకోవద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయొద్దు, అది మామూలే. మాత్రలు ఇంట్లో ఉంటే చాలదు, రోజూ వేసుకుంటేనే రక్తం పడుతుంది.