షట్‌డౌన్ చేసినా ల్యాప్‌టాప్ ఛార్జింగ్ దిగిపోతోందా? బ్యాటరీ మార్చే ముందు ఈ టెస్ట్ చేసి చూడండి

రాత్రి 80 శాతం ఛార్జింగ్ ఉండగా ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి పడుకుంటారు. పొద్దున్నే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందని ఆన్ చేస్తే 62 శాతమే కనిపిస్తుంది. సరిగ్గా అదే టైమ్‌లో కరెంటు కూడా పోయిందంటే ఇక టెన్షనే. ఇది చూడగానే చాలామంది బ్యాటరీ పోయిందని ఫిక్స్ అయిపోతారు. వెంటనే వేలు పెట్టి కొత్తది వేయించేస్తారు. తీరా మార్చాక కూడా ఛార్జింగ్ అలాగే దిగిపోతుంటే తల పట్టుకుంటారు. ఇలాంటి కేసుల్లో తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. అసలు ల్యాప్‌టాప్ నిజంగా ఆఫ్ అవుతోందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

షట్‌డౌన్ నొక్కితే జరిగేది ఇదీ..

2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్ ఫాస్ట్ స్టార్టప్ అనే ఫీచర్ తెచ్చింది. విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లలోనూ చాలావరకు ఇది ముందే ఆన్ చేసి ఉంటుంది. మీరు షట్‌డౌన్ నొక్కగానే తెరిచి ఉన్న యాప్స్ అన్నీ మూతపడతాయి. కానీ విండోస్ లోపలి భాగం మాత్రం పూర్తిగా మూతపడదు. ఉన్నది ఉన్నట్టుగా డిస్క్‌లో సేవ్ అవుతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టకుండా దాన్నే తిరిగి లోడ్ చేసుకుంటుంది. అందుకే ల్యాప్‌టాప్ అంత త్వరగా తెరుచుకుంటుంది.

నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. అక్కడ అప్ టైమ్ అని ఉంటుంది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా అందులో 10, 15 రోజులు చూపిస్తే ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్నట్టే. విచిత్రం ఏంటంటే, రీస్టార్ట్ చేస్తే మాత్రం విండోస్ పూర్తిగా ఆగి కొత్తగా మొదలవుతుంది. ఏ సమస్య చెప్పినా సర్వీస్ వాళ్లు ముందు రీస్టార్ట్ చేయమనేది ఊరికే కాదు.

అలాగని నేరమంతా ఫాస్ట్ స్టార్టప్ మీదే వేసేయడం కూడా సరికాదు. డిస్క్‌లో సేవ్ అయి ఉన్న డేటాకు కరెంటు అక్కర్లేదు. చిక్కంతా డ్రైవర్లతోనే. కొన్ని ల్యాప్‌టాప్‌లలో నెట్‌వర్క్ కార్డు లాంటివి పూర్తిగా ఆగకుండా, ఎవరైనా లేపుతారేమో అన్నట్టు ఎదురుచూస్తుంటాయి. ఆ కాస్త కరెంటు బ్యాటరీ నుంచే పోతుంది. అందుకే పక్కింటి వాళ్ల ల్యాప్‌టాప్‌లో అదే విండోస్ ఉన్నా వాళ్లకు ఈ సమస్య ఉండకపోవచ్చు.

రెండు రాత్రుల్లో తేలిపోతుంది

ఛార్జర్ తీసేయండి. మౌస్ డాంగిల్, పెన్‌డ్రైవ్, ఇతర కేబుళ్లు ఏవున్నా తీసేయండి. ఛార్జింగ్ ఎంతుందో కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు కీబోర్డులో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేయండి. ఇలా చేస్తే ఆ ఒక్కసారికి ఫాస్ట్ స్టార్టప్ లేకుండా పూర్తిగా ఆఫ్ అవుతుంది. పొద్దున్నే ఆన్ చేసి అంకె చూడండి. రెండో రాత్రి కూడా ఛార్జింగ్ దాదాపు అంతే ఉండగా, అన్ని గంటలే ఉంచి, ఈసారి మామూలుగా షట్‌డౌన్ చేయండి.

ఒకటి రెండు శాతం తేడాను పట్టించుకోనక్కర్లేదు. మొదటి రాత్రి దాదాపు ఏమీ తగ్గకుండా, రెండో రాత్రి 10 శాతం పైన తగ్గిందంటే కారణం దొరికినట్టే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింక్ నొక్కండి. పైన కనిపించే రెండో లింక్ నొక్కితేనే కింది టిక్కులు మార్చడానికి వీలవుతుంది. అక్కడ ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేసి సేవ్ చేస్తే సరి. ఆన్ అవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అయితే ఐటీ వాళ్ల పర్మిషన్ కావాల్సి రావచ్చు. మళ్లీ ఆ వేగం కావాలనుకుంటే, తయారీ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్లు వేసుకుని టిక్ తిరిగి పెట్టి చూడొచ్చు.

రెండు రాత్రులూ ఒకేలా దిగిపోతే..

అప్పుడు విండోస్‌ను వదిలేసి బయాస్ సెట్టింగ్స్ చూడాలి. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా ఫోన్ ఛార్జ్ చేసుకునేలా కొన్ని మోడళ్లలో యూఎస్‌బీ పోర్టుకు కరెంటు ఇస్తారు. డెల్‌లో దీన్ని పవర్‌షేర్ అంటారు, లెనోవోలో ఆల్వేస్ ఆన్ యూఎస్‌బీ. పోర్టులో ఏదైనా పెట్టి వదిలేస్తే రాత్రంతా లాగుతూనే ఉంటుంది. వేక్ ఆన్ ల్యాన్ అనే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది. ఇంట్లో వాడే ల్యాప్‌టాప్‌కు దాంతో పనే ఉండదు, రెండూ ఆఫ్ చేసుకోవచ్చు. బయాస్‌లో మిగతా వాటి జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఇంకొందరు షట్‌డౌన్ చేయరు, మూత మూసేసి అదే ఆఫ్ అనుకుంటారు. అది స్లీప్ మాత్రమే. ఇప్పటి మోడళ్లలో ఎక్కువగా ఉండే మోడర్న్ స్టాండ్‌బైలో ల్యాప్‌టాప్ ఫోన్‌లాగే నెట్‌కు కనెక్ట్ అయి ఉండగలదు. బ్యాగులోంచి తీసేసరికి ల్యాప్‌టాప్ వేడిగా తగిలితే అనుమానం దీని మీదే. అలాంటివాళ్లు పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు స్లీప్ బదులు హైబర్నేట్ పెట్టుకోవడం మంచిది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడు బ్యాటరీ వంతు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్‌లో పవర్ అనే పదం, దానికి ఆనించి సి, ఎఫ్, జి అక్షరాలు, ఒక స్పేస్, ప్రశ్నార్థకం కీ మీదుండే స్లాష్, ఆ వెంటనే బ్యాటరీ రిపోర్ట్ అనే రెండు పదాలను మధ్యలో స్పేస్ లేకుండా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. రిపోర్టు ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 50,000, రెండోది 30,000 అయితే బ్యాటరీలో మిగిలిన సత్తువ 60 శాతమే. అప్పుడు రాత్రికి పోయేది అంతే కరెంటైనా శాతంలో పెద్దగా కనిపిస్తుంది. 3,000 పోతే కొత్త బ్యాటరీలో అది 6 శాతం, ఇందులో 10 శాతం. ఆ స్థాయికి పడిపోయిన బ్యాటరీకి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. 90 శాతం దగ్గర ఉండి కూడా, పూర్తిగా ఆఫ్ చేసినా దిగిపోతుంటే మాత్రం మదర్‌బోర్డులో ఎక్కడో కరెంటు లీకవుతుండొచ్చు. బ్యాటరీ మార్చే ముందు దాన్ని చెక్ చేయమని సర్వీస్ సెంటర్‌లో గట్టిగా అడగాలి.

ఒక్క విషయంలో మాత్రం టెస్టులూ వద్దు, ఎదురుచూపులూ వద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, ల్యాప్‌టాప్ బల్ల మీద సమానంగా కూర్చోకపోయినా, అడుగు భాగం ఉబ్బినా అది బ్యాటరీ ఉబ్బడం కావచ్చు. వెంటనే ఆఫ్ చేయండి. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

సెలవులకు ఊరెళ్తూ నెలల తరబడి ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసేవాళ్లు బ్యాటరీని సున్నాకి తెచ్చి వదలకూడదు. లిథియం బ్యాటరీ మరీ కిందికి దిగితే లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని కట్ చేసేస్తుంది, ఆ తర్వాత ఛార్జర్ పెట్టినా ఎక్కకపోవచ్చు. సగం ఛార్జింగ్ ఉంచి, షిఫ్ట్ నొక్కి షట్‌డౌన్ చేసి, ఎండ తగలని చోట పెట్టి వెళ్లండి.