పడవ రేడియోలో రొద

సేద్యముతోబాటు సముద్రపు వేటకు బోవు తీరగ్రామముల సభ్యులకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. పడవలోని వి.హెచ్.ఎఫ్. రేడియోలో ఆపద పిలుపులకు నిర్ణయింపబడినది 16వ ఛానలు. అందు రొద నిండినచో పొరుగు పడవవాని కేక మనకు వినబడదు.

రొద పుట్టినంతనే యంత్రము చెడినదని యెంచరాదు. ఎల్.ఇ.డి. దీపములును దీనికి కారణము కావచ్చును. 2018లో అమెరికా తీరరక్షక దళము ఈ సంగతినే నావికులకు హెచ్చరించినది. దీపము లన్నియు నార్పి, మాటలు లేని ఛానలు పెట్టి, స్క్వెల్చ్ నాబును రొద అణగువఱకు మాత్రమే త్రిప్పుడు. పిమ్మట ఒక్కొక్క దీపమే వెలిగింపుడు. ఏది వెలిగిన రొద లేచునో దానిని ఆంటెనాకు దూరముగా జరుపుడు, లేదా మార్చుడు. కొందఱు విసిగి స్క్వెల్చ్‌ను పూర్తిగా బిగింతురు. రొదతోబాటు దూరపు పడవ సన్నని పిలుపును అణగిపోవును గావున, ఇది రొదకంటెను చెడ్డదని మా యభిప్రాయము.

ఇంజను వేగమునుబట్టి మాఱు ఈలధ్వని ఆల్టర్నేటరుది. రేడియో తీగలను నేరుగా బ్యాటరీకి బిగించిన తఱచు తగ్గును.

ఉప్పుగాలికి ఆంటెనా కేబులు మొన చిలుమెక్కును. అట్టి మొనను కోసి క్రొత్తది వేయించి, నీరు చొరని టేపు చుట్టవలెను. ఆంటెనా తగిలింపకుండ మాటాడు మీటను నొక్కరాదు, యంత్రము చెడవచ్చును.