‘ఇగ నాతోని కాదు’ అనేది మెదడే

దేశమంతటా ఆనకట్టలకు, కాల్వలకు మట్టి మోసిన చేతులు పాలమూరువి. మే నెలలో అక్కడైనా, నల్లగొండలోనైనా ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పొద్దెక్కాక కూలీ తట్ట పక్కన పెట్టి ‘ఇగ నాతోని కాదు’ అంటాడు. రెక్కల్లో సత్తువ అయిపోయిందనుకుంటాం. చాలాసార్లు సత్తువ మిగిలే ఉంటుంది, ఆపమన్నది మెదడు.

1999లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో ఏడుగురి చేత 40 డిగ్రీల వేడిలో సైకిలు తొక్కించారు. ముందే నీళ్లలో కూర్చోబెట్టి ఒంటి వేడిని ఒకసారి తగ్గించారు, ఒకసారి పెంచారు. చల్లబడ్డ ఒంటితో 63 నిమిషాలు తొక్కారు, మామూలుగా 46, వేడెక్కిన ఒంటితో 28. ఆగింది మాత్రం ప్రతిసారీ ఒకేచోట, లోపలి వేడి 40.1-40.2 డిగ్రీలకు చేరినప్పుడు.

గంటల తరబడి కష్టపడితే రక్తంలో కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. దాంతో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా మెదడుకు చేరి సెరటోనిన్ అనే రసాయనంగా మారుతుందనీ, అలసట అక్కడ పుడుతుందనీ ఎరిక్ న్యూస్‌హోమ్ 1987లో ప్రతిపాదించారు. ఆ దారిని అడ్డుకుందామని ట్రిప్టోఫాన్‌తో పోటీపడే వేరే అమైనో ఆమ్లాలు ఇచ్చి చూస్తే పెద్దగా ఫలితం రాలేదు. సెరటోనిన్ ఒక్కటే కథ కాదు.

ఎండలో డోపమిన్ అనే మరో మెదడు రసాయనం పాత్ర పెద్దది. డోపమిన్, నార్‌అడ్రినలిన్‌లను మెదడులో ఎక్కువసేపు నిలిపే బుప్రోపియాన్ మాత్రను 2005 నాటి ప్రయోగంలో తొమ్మిదిమందికి ఇచ్చారు. 18 డిగ్రీల్లో తేడా లేదు. 30 డిగ్రీల్లో మాత్రం మందు లేనప్పుడు 39.8 నిమిషాలు పట్టిన పని 36.4 నిమిషాల్లో ముగిసింది, 9 శాతం వేగం. భయపెట్టేది ఆ తర్వాతి సంగతి: మాత్ర వేసుకున్న రోజు ఎక్కువమంది ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరింది, అయినా కష్టం పెరిగినట్టు వాళ్లకు తెలియలేదు. అంటే మందు వేడిని తగ్గించలేదు, ప్రమాదం చెప్పే నోటిని మూసింది.

మన దగ్గర ఆ నోటిని మూయించడానికి మందు అక్కర్లేదు. మట్టిని కొలిచి కూలి కట్టే పద్ధతే చాలు. ఆగితే కొలత తగ్గుతుంది, కొలత తగ్గితే పైసలు తగ్గుతాయి. అందుకే మెదడు ఆగమన్నా చాలామంది ఆగరు.

మేస్త్రీలూ, అధికారులూ! ఆగినవాణ్ణి పనిదొంగ అనకండి. ఎండాకాలంలో కొలత తగ్గించండి, నీడలో కూర్చున్న సమయానికీ కూలి కట్టండి. మనిషి మాట తడబడినా, ఏదేదో మాట్లాడినా అది వడదెబ్బ కావచ్చు: నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, వెంటనే 108కి ఫోన్ చేయండి.