పాత టెలిఫోను సర్వరు మార్పిడి: రైతు సంఘములకు సూచనలు

సనత్‌నగర్ చెంతనున్న ఎర్రగడ్డ రైతుబజారు వంటి చోట్లకు కూరగాయలు తెచ్చు రైతులకు ధరవరలు, వాహనముల వేళలు తెలిసికొనుటకు టెలిఫోనే ఆధారము. సాగు సందేహములకు 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరు (1800-180-1551) తెలుగులోనే సమాధానము లభింపజేయుచున్నది. తమ సభ్యుల కొరకు ఇట్టి ఏర్పాటును రైతు సంఘములును స్వయముగా చేసికొనవచ్చును. ఇందులకు ఇంటర్నెట్టు టెలిఫోను సర్వరు కావలెను. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ రూపొందించిన ‘ఆస్టరిస్క్’ ఉచితముగా లభించు అట్టి సాఫ్ట్‌వేరు. అయితే ఏండ్ల క్రిందట అమర్చిన సర్వరు ఇంకను మ్రోగుచున్నదని ఉపేక్షించుట క్షేమకరము కాదు.

ఎందుకు మార్చవలెను?

పాత సర్వర్లకు పునాదియైన సెంటాస్ 7కు 2024 జూన్ 30తోను, మైఎస్‌క్యూఎల్ 5.7 డేటాబేసుకు 2023 అక్టోబరులోను తయారీదారుల మద్దతు ముగిసినది. ఇక వానిలో బయటపడు లోపములను వారు సవరింపరు. ఆ సందులగుండ దొంగలు ప్రవేశించి, రాత్రివేళ విదేశములకు కాల్స్ చేయుదురు. బిల్లు సంఘము నెత్తిన పడును.

ఏది ముఖ్యము?

సాఫ్ట్‌వేరు పొలము వంటిది, దానిని మార్చుకొనవచ్చును. సభ్యుల నంబర్లు, కాల్స్ పట్టిక, రికార్డింగులు విత్తనము వంటివి. ఏ రైతు ఏనాడు ఏ తెగులును గూర్చి అడిగెనో తెలుపు లెక్క ఒకసారి పోయినచో మరల రాదు. కావున విత్తనమును కాపాడుటయే ఈ పనిలో ప్రధానము.

ఎప్పుడు మార్చవలెను?

రబీ పంట ఇల్లు చేరిన పిదప, మృగశిర కార్తెకు ముందు మార్చవలెను. విత్తుల వేళ లైను ఒక్కదినము ఆగినను రైతుకు నష్టమే.

మార్పు విధానము

1. డేటాబేసు, సర్వరు అమరికలు, రికార్డింగులు అన్నిటికిని రెండు నకళ్లు తీయవలెను. ఒకటి వేరొక భవనములో ఉంచవలెను.

2. విత్తునకు మొలక పరీక్ష చేసినట్లే నకలును పరీక్షింపవలెను. దానిని మరొక కంప్యూటరులోనికి ఎక్కించి, ప్రతి పట్టికలోని వరుసల సంఖ్య పాతదానితో సరిపోవునో లేదో చూడవలెను.

3. పాత యంత్రము మీదనే క్రొత్త సాఫ్ట్‌వేరు వేయరాదు. వేరొక యంత్రముపై అమర్చి, డేటాబేసును అక్షర రూపమున దింపి అందులోనికి ఎక్కించవలెను.

4. క్రొత్త డేటాబేసు లిపి అమరిక ‘యూటీఎఫ్8ఎంబీ4’గా ఉండవలెను. అమరిక తప్పినచో తెలుగు పేర్లు ప్రశ్నార్థకములుగా మారును. అట్లు మారి నిలువ అయిన పేర్లను పాత నకలునుండియే తిరిగి తేవలెను. పదిమంది పేర్లు చదివి సరిచూడుడు.

5. పాత ‘చాన్ సిప్’ పద్ధతిని 2023లో వెలువడిన ఆస్టరిస్క్ 21 నుండి తొలగించిరి. ఫోన్ల వివరములను ‘పీజేసిప్’ పద్ధతిలో మరల వ్రాసి, ఒక్కొక్క దానికి క్రొత్త రహస్యపదము ఈయవలెను.

6. లోనికి, వెలుపలికి కాల్స్ చేసి చూడవలెను. ఒకరి మాటయే వినబడి రెండవవారిది వినబడనిచో, ఫైర్‌వాలులో ధ్వని ద్వారములు (సాధారణముగా 10000 నుండి 20000 వరకు) తెరచియున్నవో లేదో చూడవలెను. కాల్ వేళలు 5 గంటల 30 నిమిషములు తేడాగా కనిపించినచో కాలమండలపు అమరిక తప్పినదని గ్రహింపవలెను.

7. సెలవునాటి రాత్రి మార్పు చేయవలెను. పాత యంత్రమును ఇంటర్నెట్టునుండి వేరుచేసి, పదునైదు దినములు చెక్కుచెదరక ఉంచవలెను.

జాగ్రత్తలు

అవసరము లేనిచో విదేశీ కాల్స్ మూసివేయుడు. పాత డిస్కును పూర్తిగా చెరిపిన గాని అమ్మరాదు. సభ్యుల నంబర్లు పరుల చేత పడును. అమీర్‌పేట మైత్రీవనము పరిసరముల శిక్షణశాలలలో లినక్స్, డేటాబేసు విద్యలు నేర్చిన గ్రామీణ యువకులు కలరు. మీ గ్రామమున అట్టివారున్నచో వారి సహాయము పొందుడు. అయితే నకలు మొలక పరీక్ష మాత్రము సంఘ కార్యదర్శి తన కండ్ల ఎదుట చేయించుట మేలు.