పేదరికం కాపాడిన ఊరు!

చేతిలో డబ్బుంటే ఇల్లు కట్టుకుంటాం. ఇంకాస్త ఉంటే దానిమీద మరో అంతస్తు వేస్తాం. ఇటలీలోని సాన్ జిమిన్యానో ఊరి ధనవంతులు మాత్రం ఆకాశాన్నంటే బురుజులు కట్టారు. ఒకటీ రెండూ కాదు, ఏకంగా 72! వాటిలో 14 ఇప్పటికీ ఉన్నాయి. ఏడొందల ఏళ్లు దాటినా అవి నిలవడానికి కారణం ఊరి సంపద కాదు... ఊరికొచ్చిన కష్టం!

దారి తెచ్చిన సిరి

తస్కనీ ప్రాంతంలో 324 మీటర్ల ఎత్తున, కొండమీద ఉంటుందీ ఊరు. ఇంగ్లాండ్, ఫ్రాన్స్‌ల నుంచి రోమ్‌కు క్రైస్తవ యాత్రికులు నడిచి వెళ్లే 'వియా ఫ్రాంచిజెనా' మార్గం ఒకప్పుడు ఈ కొండ మీదుగానే సాగేది. 990లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిజెరిక్ రోమ్‌లో పోపును దర్శించుకున్నాడు. తిరుగు ప్రయాణంలో తాను ఆగిన 79 మజిలీల పేర్లు నమోదు చేయించాడు. అందులో ఈ ఊరి పేరూ ఉంది.

యాత్రికులకు తిండి కావాలి, తల దాచుకునే చోటు కావాలి, జబ్బు చేస్తే చూసే దిక్కు కావాలి. అలా సత్రాలొచ్చాయి, ఆసుపత్రులొచ్చాయి. వాళ్ల వెనకే వ్యాపారులూ వచ్చారు. చుట్టుపక్కల పొలాల్లో పండే కుంకుమపువ్వు దూరదేశాలకు వెళ్లింది. 1199 నాటికి వోల్తెర్రా బిషప్ పెత్తనం నుంచి బయటపడి, తన పాలన తానే చూసుకునే స్థాయికి ఎదిగింది సాన్ జిమిన్యానో.

నీ బురుజా... నా బురుజా?

డబ్బుతోపాటే పంతాలూ పెరిగాయి. పోపు పక్షాన ఆర్దింగెల్లి కుటుంబం, చక్రవర్తి పక్షాన సాల్వుచ్చి కుటుంబం నిలిచాయి. ఒకరు బురుజు కడితే రెండోవారు అంతకన్నా ఎత్తుగా కట్టాలి! చివరికి నగర పాలకుల బురుజును మించి ఎవరూ కట్టకూడదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. దాన్ని తప్పించుకోవడానికే సాల్వుచ్చిలు పక్కపక్కనే రెండు కట్టారని స్థానికులు కథగా చెప్పుకుంటారు. 1311లో పూర్తయిన 'తోర్రె గ్రోస్సా' ఎత్తు 54 మీటర్లు... అంటే దాదాపు పద్దెనిమిది అంతస్తులన్నమాట.

1300లో ఓ రాయబారి ఫ్లోరెన్స్ నుంచి వచ్చి, పోపు పక్షం నగరాలన్నీ ఒక్కటి కావాలని ఇక్కడి సభలో ప్రసంగించాడు. ఆయనెవరో కాదు, తర్వాతి కాలంలో 'డివైన్ కామెడీ' రాసిన మహాకవి డాంటే. ఆ సభామందిరాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఒక్క ఏడాదిలో...

1348లో ప్లేగు వచ్చింది. ఊళ్లో సగానికి పైగా జనం కన్నుమూశారు. సత్రాలు బోసిపోయాయి. కుటుంబ కక్షలు మాత్రం చల్లారలేదు. ఇక సొంతంగా నిలబడలేక 1353లో ఊరు ఫ్లోరెన్స్‌కు లొంగిపోయింది. రాకపోకలు కూడా మెల్లగా కొండ దిగి కింది లోయ దారికి మళ్లాయి. కొండెక్కే యాత్రికుడే కరవయ్యాడు.

విచిత్రంగా అదే ఊరికి మేలు చేసింది. సిరిగల నగరాలు పాత బురుజులు కూల్చి కొత్త భవనాలు కట్టుకున్నాయి. ఇక్కడివాళ్లకు అంత స్తోమత లేదు. దాంతో వీధులూ, రాతి ఇళ్లూ, 1273 నాటి బావి ఉన్న కూడలీ అలాగే మిగిలాయి. 1990లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

మళ్లీ పరీక్ష

1994లో ఐరోపా మండలి వియా ఫ్రాంచిజెనాను సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. ఊళ్లో రైల్వేస్టేషన్ లేదు. అయినా గంబస్సీ నుంచి 13 కిలోమీటర్లు నడిచి భుజాన సంచులతో వచ్చేవాళ్లు కొందరు, బస్సుల్లో వచ్చేవాళ్లు ఎందరో. కుంకుమపువ్వు సాగూ మళ్లీ ఊపందుకుంది. 2005లో దానికి ఐరోపా సమాఖ్య గుర్తింపు దక్కింది.

ఊరికి మళ్లీ డబ్బొచ్చింది. దాంతోపాటే కొత్త బెంగా పట్టుకుంది. కోట గోడల లోపలి ఇళ్లు పర్యాటకుల బసలుగా, దుకాణాలుగా మారుతుంటే అక్కడ కాపురం ఉండే కుటుంబాలు తగ్గిపోతున్నాయి. పేదరికంలో బురుజులను పోగొట్టుకోని ఊరు, ఈసారి సిరి చేతికొచ్చిన వేళ మనుషులను నిలుపుకోవాలి. బురుజులు కట్టడం కన్నా అదే కష్టం!