కందికట్టె కోసే కత్తికి ఏ ఇనుము?

ఒరే అబ్బీ, నువ్వు తెప్పించుకున్న ఆ తళతళలాడే మడతకత్తి బాగుంది. నిమ్మకాయ కోసినా, మామిడికాయ కోసినా నల్లబడదు. కానీ కళ్యాణదుర్గం వైపు మేకలు కాసే మనిషికి దాన్నిస్తే రెండు రోజుల్లో తిరిగిచ్చేస్తాడు. ఎందుకో చెప్తా, కూర్చో.

కత్తి అంచు మొద్దుబారకుండా గట్టిగా ఉండాలి. దెబ్బ తగిలితే విరక్కుండానూ ఉండాలి. ఈ రెండు గుణాలకూ పడదు, ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. ఆ తగవు తీర్చేది కార్బన్. మెత్తటి ఇనుములో అది 0.2 శాతం దాకా ఉంటుంది. ఎంత కాల్చి ముంచినా కత్తికి పనికొచ్చేంత గట్టిపడదు. లారీ కమాన్ పట్టీలో 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది, తోడుగా కాస్త సిలికాన్, మాంగనీస్. అందుకే పాత కమాన్ పట్టీ దొరికితే కమ్మరి వదలడు. గతుకుల దారిలో టన్నుల బరువుకు వంగి, మళ్ళీ లేచిన సరుకు అది!

అసలు విద్యంతా కొలిమి దగ్గరుంది. ఇనుము ఎర్రగా కాలి 770 డిగ్రీలు దాటిందా, ఇక దానికి అయస్కాంతం అంటుకోదు. ఇంకొంచెం వేడెక్కితే లోపలి పరమాణువుల వరసలు మారి, కార్బన్ వాటి సందుల్లో కరిగిపోతుంది. అప్పుడు నూనెలో ముంచితే దానికి బయటపడే వ్యవధి ఉండదు. తిరునాళ్ళ బస్సులో సీట్ల మధ్య ఇరుక్కున్న జనంలా ఉంటుంది లోపల, ఏ వరసా పక్కకి జరగలేదు. గట్టిదనమంటే అదే. అయితే ఆ దశలో రాయికి తగిలితే కత్తి గాజులా పగులుతుంది. కాబట్టి ఒకచోట గీకి మెరిపించి, మళ్ళీ సన్నసెగ చూపిస్తారు. 220 డిగ్రీల పైన లేత గడ్డిరంగు తేలుతుంది, తర్వాత గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం. మీద ఏర్పడే ఆక్సైడ్ పొర మందం పెరిగేకొద్దీ కాంతి ఇలా రంగులు మారుతుంది. చిన్న చాకుకు గడ్డిరంగు దగ్గర ఆపాలి. కంప నరికే మచ్చుకత్తికైతే ఊదా, నీలం దాకా పోనివ్వాలి. థర్మామీటరు లేకుండా కంటితో ఇంత పని చేసే మనిషిని నేను ఇంజనీరనే అంటాను.

కార్బన్ ఎక్కువైతే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకి ఎప్పుడో తెలుసు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. అలాంటి భారతీయ ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది. దాని గుట్టు తెలుసుకోవాలని 1820 ప్రాంతంలో లండన్‌లో మైకేల్ ఫారడే ప్రయోగాలు చేశాడు. ఆయనా కమ్మరి కొడుకే.

ఇక నీ స్టెయిన్‌లెస్. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా చూడబోయి, 12.8 శాతం క్రోమియం కలిపిన ఉక్కు పోశాడు. క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని పొర కప్పుకుంటుంది. గీసుకుపోతే మళ్ళీ తనే కప్పుకుంటుంది. చౌకరకంలో కార్బన్ తక్కువ కాబట్టి పదును నిలవదు. ఖరీదైనదానిలో నిలుస్తుంది గానీ, గుట్టమీద దొరికిన రాతికేసి నూరితే అది సులభంగా లొంగదు. పింగాణీ కత్తుల సంగతి చెప్పాలంటే, ఉక్కుకన్నా గట్టివే, కానీ కిందపడితే అంచు రాలిపోతుంది. మేకల వెంట తిరిగేవాడికి అవి దండగ.

మామూలు ఉక్కుకున్న పెద్ద లోపం తుప్పు. తుప్పుకి తేమ కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే అనంతపురంలో, పొడిగాలి వీచే నెలల్లో అదెక్కడిది? కోస్తాలో వారంలో ఎర్రబడే కొడవలి ఇక్కడ నెలలు ఆగుతుంది. మన నేలకు, కందికట్టెకు, సీమతుమ్మకు ఈ కమాన్ పట్టీ కత్తే సరైనదని నా గట్టి నమ్మకం. చింతపండు, నిమ్మరసం, చెమట అంటితే మాత్రం వెంటనే తుడిచి, చుక్క ఆముదం రాయాలి. ఆముదం ఎండిపోయి బంక కట్టదు.

సంతలో కొనేటప్పుడు అంచు మీద ఆకురాయితో ఒక్కసారి గీసి చూడు. జారినట్టు పోతే తీసుకో. మెత్తగా పొడి రాలితే, మళ్ళీ కాల్చి పదును పెట్టమని అక్కడే అడుగు.